టీచరమ్మ ఇంటిపేరు, నా వేళాకోళం

తెలుగువాళ్ళు ఇద్దరు కొత్తగా కలిస్తే మొదట అడిగేది ఇంటిపేరు, తరవాత అడిగేది ఊరు. మూడో ప్రశ్నకల్లా చుట్టరికం బయటపడలేదంటే ఇద్దరిలో ఎవరో సరిగ్గా అడగలేదన్నమాట. టెక్సస్‌లోని ప్లేనోలో ఇరవై రెండేళ్ళుగా మా గరాజులో కుట్టుమిషను పెట్టుకుని నేను చేస్తున్నది అదే. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ భుజాల చుట్టూ టేపు తిప్పుతూ ఇంటిపేరు అడుగుతాను. నడుం కొలత దగ్గరికి వచ్చేసరికి వాళ్ళని మా పెద్దమ్మ తోటికోడలికి వియ్యపురాలిని చేసేస్తాను. నవ్వుతారు. నవ్వుతుండగా కొలత తీస్తే రెండంగుళాలు తేడా వస్తుంది కాబట్టి జోకు మాత్రం కొలత అయ్యాకే వేస్తాను. నా వృత్తిధర్మం అంతవరకే.

ఆ నోటితోనే మా పక్కింటి పెద్దావిడ ఇంటిపేరును పాడుచేశాను. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. ఒకసారి దాంతో ఆడుకున్నందుకే ఇంత జరిగింది.

ఆవిడ నల్లజాతి మనిషి. మిసిసిపీలో పుట్టి, టెక్సస్‌కి వచ్చి, నలభై ఏళ్ళపాటు బళ్ళో పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఎనభై దాటింది. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ కలలోకి వచ్చి మరీ తంతుంది కనక నేను ఆవిడను 'టీచరమ్మా' అంటాను. అదేదో బిరుదనుకుని ఆవిడ కూడా బాగా అలవాటుపడింది. సిటిజన్‌షిప్ పరీక్షకి నన్ను తయారుచేసింది ఆవిడే. నా చదువు ఎంతవరకని అడిగితే, ఎనిమిదో తరగతి నన్ను రెండుసార్లు చూసిందనీ, మూడోసారి తనకే మొహం మొత్తిందనీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "బడి నిన్ను వదిలేసింది హనీ, నువ్వు బడిని వదిలెయ్యలేదు" అంది. జన్మలో నాతో అలా ఎవరూ అనలేదు. ఆవిడ మాట్లాడేది దక్షిణాది ఇంగ్లీషు, సాగదీసి, బెల్లంపాకం తీసినట్టు. నా చెవిలో మాత్రం అది తెలుగై పడుతుంది. ఎలా పడిందో అలాగే రాస్తున్నాను.

పరిచయమైన కొత్తలో ఆవిడ "మేం సౌత్ మనుషులం" అంది.

"నేనూ సౌతే టీచరమ్మా! మా దేశంలో మమ్మల్నీ అదే అంటారు. కారం, ఎండ, నోటిదురుసు, అన్నీ మనకి ఒకటే" అన్నాను.

అప్పటినుంచి ఆవిడ నన్ను తన సౌత్ కిందే జమకట్టుకుంది.

ఆవిడ భోజనాల బల్లమీద భోజనం పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. బల్లనిండా కాగితాలే. పాత జనాభా లెక్కల నకళ్ళు, వీలునామాల నకళ్ళు, పెళ్ళి రిజిస్టర్ల నకళ్ళు, మధ్యలో పళ్ళబుట్ట, దాని పక్కన నీలం అట్ట నోటుబుక్కు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ వెతుకుతున్నది ఒకే ఒక్క మనిషిని, తన తాతకి తాతని. ఆయన బానిసగా పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు లెక్కల్లో ఆయనకి పేరు లేదు. యజమాని పేరు కింద, మగవాడు, వయసు ఇంత, అని ఒక గీత. అంతే. యుద్ధం అయిపోయి, బానిసత్వం పోయాక తీసిన మొదటి లెక్కల్లో ఆయన హఠాత్తుగా పేరుతో, ఇంటిపేరుతో, పెళ్ళాం పిల్లలతో కనబడ్డాడు. చిక్కేమిటంటే, ఆ ఇంటిపేరు యజమానిది కాదు. చుట్టుపక్కల పొలాల దొరలెవరిదీ కాదు. మరి ఎక్కడిది? ఎవరిచ్చారు? టీచరమ్మకి తెలియాల్సింది అదొక్కటే. తనకి, మిసిసిపీలో ఉన్న అక్కగారికి. అక్కగారికి అప్పటికి తొంభై దాటాయి. "మా అక్క కళ్ళు మూసేలోపు చెప్పాలి హనీ, ఆ పేరు మాకెక్కడిదో" అనేది.

ఆ వెతుకులాటంతా ఎంతో జాగ్రత్తగా చేసే మనిషి. నోటుబుక్కులో ఏ మాట రాసినా పక్కన అది ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో రాస్తుంది. సందేహం ఉంటే పెన్సిలు, రూఢి అయితే ఇంకు.

ఏడాదిన్నర కిందట, ఒక శనివారం ఉదయం, ఆవిడ చర్చికి వేసుకునే గౌను అంచు మడవడానికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడింది. నేను నేలమీద కూర్చుని గుండుసూదులు పెడుతున్నాను. బల్లమీద తెరిచి ఉన్న కాగితంలో ఆ ఇంటిపేరు, ఎవరో గుమాస్తా కలంతో రాసింది, నా కళ్ళబడింది. ఎన్నాళ్ళుగానో వింటున్న పేరే. రాతలో చూడడం అదే మొదటిసారి. కూడబలుక్కుని చదివాను. మనవాళ్ళు చదివినట్టు, ప్రతి అక్షరాన్నీ పలికి చదివాను. అలా చదివితే అది మా అమ్మ పుట్టింటి పేరు. చివర ఒక్క అక్షరం తోక ఎక్కువ, అంతే తేడా.

నోట్లో సూదులు తీసేసి మరీ అన్నాను: "టీచరమ్మా! మీరు మా అమ్మావాళ్ళ చుట్టాలండీ. ఇది మా మేనమామల ఇంటిపేరు. బందరు దగ్గర, సముద్రం ఒడ్డున, వీధి వీధంతా మీవాళ్ళే. మీ తాత ఓడెక్కి వచ్చేసి ఉంటాడు."

నేను నవ్వాను. గరాజులో ఈ జోకు రోజుకి నాలుగుసార్లు వేస్తాను. ఆవిడ నవ్వలేదు. మెల్లగా కుర్చీలో కూర్చుంది. సగం అంచుకి సూదులున్నాయి, గుచ్చుకుంటాయన్నా వినలేదు.

"ఆ రోజుల్లో మీ దేశం నుంచి కొందరు ఓడపనివాళ్ళుగా, నౌకర్లుగా ఇక్కడికి వచ్చినట్టు నేను ఎక్కడో చదివాను" అంది.

నాకా సంగతి తెలియదు. నేను తమాషాకి చేతిలోంచి కోడిగుడ్డు తీస్తే ఆవిడ దాని తల్లికోడిని కూడా చూపించింది.

"హనీ, ఇంకొకటి అడుగుతాను. మా అమ్మమ్మ ఒక మాట అనేది. మేం ఆడుకుంటూ పడిపోతే, మోకాళ్ళు దులిపి 'లేమలే' అనేది. వాళ్ళమ్మ అనేదట, వాళ్ళమ్మమ్మ అనేదట. దానికి అర్థం మాలో ఎవరికీ తెలియదు. అది మీ భాషలో ఉందా?"

లేదు. 'లేమలే' అనే మాట తెలుగులో లేదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంటే ఈ రోజు ఇది రాయక్కర్లేకపోయేది. కానీ నా బుర్ర అలా పనిచేయదు. ఎవరైనా బంతి విసిరితే పట్టుకోకుండా ఉండలేను.

"లేమలే కాదు టీచరమ్మా, లేలేమ్మా!" అన్నాను. "పిల్లలు పడిపోతే మేం అనేదీ అదే. లే, లేమ్మా. పైకి లే తల్లీ అని. నాలుగు తరాల నోళ్ళలో నలిగి అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి."

అక్షరాలు అటూ ఇటూ చేసింది నేను. అక్కడికక్కడే, నేలమీద కూర్చుని, చేతిలో సూది పట్టుకుని.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నోటుబుక్కు దగ్గరికి లాక్కుంది. స్పెల్లింగు చెప్పమంది. చెప్పాను. రాసింది. పక్కన ఎవరు చెప్పారో కూడా రాసింది, రాస్తూ పైకి చదివింది: "మా పొరుగావిడ. ఆ భాష ఆవిడకి పుట్టుకతో వచ్చింది."

ఇంకుతో రాసింది.

అప్పుడు చెప్పాలి, ఊరికే అన్నానండీ అని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నన్ను ఒక పుస్తకంలోకి ఎక్కించడం నేను పుట్టాక అదే మొదలు. మా బళ్ళో హాజరు పట్టీలోంచి కొట్టేసిన పేరు నాది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి నేను చెప్పింది రాసుకుంటోంది, అక్షరం అక్షరం అడిగి. నాకది బాగుంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా బాగుంది. నోరు మూసుకుని అంచు మడిచి వచ్చేశాను.

మర్నాడు చర్చి అవగానే టీచరమ్మ నన్ను పిలిచింది. అక్కగారికి ఫోను కలిపి స్పీకర్ పెట్టింది.

"నువ్వేనా పిల్లా, మా చుట్టానివి?" అంది అవతలి గొంతు. సన్నగా, పాత రేడియోలోంచి వచ్చినట్టుంది.

"నేనేనండీ."

"సముద్రం పక్కనా మీ ఊరు?"

"పక్కనే. తుమ్మితే అలలో పడుతుంది."

ఆవిడ ఎంత నవ్విందో! నవ్వి నవ్వి దగ్గింది. "నాకు నీళ్ళంటే ఎందుకంత ఇష్టమో ఇప్పుడు తెలిసిందే చెల్లీ" అంది. ఆపైన నన్ను ఆ మాట అనమంది. అన్నాను. ఇంకోసారి అనమంది. అమ్మ పిల్లని లేపినట్టు, రాగం తీసి, "లే... లేమ్మా..." అన్నాను. అటువైపు ఆవిడ నా వెనకే నేర్చుకుంది. తొంభై దాటిన మనిషి తన అమ్మమ్మ మాటను నా దగ్గర కొత్తగా నేర్చుకుంది.

ఆ చలికాలమూ, ఆ మరుసటి ఏడాదీ ఆదివారాలు అలాగే గడిచాయి. ఆవిడకి మా అమ్మమ్మగారి ఊరు కబుర్లు కావాలి. మావాళ్ళు ఏం తింటారు, పెళ్ళిళ్ళు ఎలా చేస్తారు, వర్షం వస్తే పిల్లలు ఏం పాడతారు. అన్నీ చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. మా మేనమామల గురించి ఒక్క అబద్ధమూ చెప్పలేదు. వాళ్ళని తీసుకెళ్ళి ఆవిడకి మేనమామల్ని చేశానంతే.

మధ్యలో మిసిసిపీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. టీచరమ్మ ఎప్పుడో రాసిన అర్జీకి అక్కడి కోర్టు గుమాస్తా ఇచ్చిన జవాబు. యుద్ధం అయ్యాక విడుదలైనవాళ్ళు కూలి ఒప్పందాలు రాసుకున్న రిజిస్టరు ఒకటి కొత్తగా బయటపడిందట. వచ్చి చూసుకోవచ్చట. ఆ ఉత్తరం వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"వెళ్తారా టీచరమ్మా?"

"ఎందుకింక? నువ్వు దొరికావుగా" అని ఆవిడ దాన్ని పళ్ళబుట్ట కింద పెట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. కానీ హాయిగా పడుకున్నాను. నాకు పాపభయం మెల్లగా వేడెక్కుతుంది, మా ఇంట్లో గీజరులాగా.

మా అమ్మాయికే ముందు అనుమానం వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోంది, సెలవులకి వచ్చింది. దాని తెలుగు నా ఇంగ్లీషులాంటిది, ఎవరి భాషకి ఎవరూ భయపడం.

"అమ్మా, ఆ సర్‌నేమ్ రియల్‌గా మన పేరేనా?"

"తోక తీస్తే మనదే."

"తోక తీస్తే ఎవ్రీ నేమ్ మనదే అవుతుంది అమ్మా. ఆ గ్రాండ్‌మా వర్డ్? అది నువ్వు చేంజ్ చేశావ్ కదా?"

"కొంచెం సర్దాను. జాకెట్టు వదులైతే కుట్టు వెయ్యమా?"

"అమ్మా, ఇట్స్ నాట్ ఎ బ్లౌజ్! వాళ్ళకి పేపర్స్ లేవు. వాళ్ళకి ఉన్నది అదొక్క వర్డ్. నువ్వు అది ఫిక్స్ చెయ్యాలి."

"చేస్తాలే. సమయం చూసి చెప్తా."

మా ఆయన భోజనం చేస్తూ తలెత్తకుండా అన్నాడు: "నీ నోటికి తాళం వెయ్యమని పెళ్ళైన దగ్గర్నుంచి చెప్తున్నా." ఆయనది సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం. తప్పులు పట్టడమే పని, దిద్దడం వేరేవాళ్ళ పని.

నేను సమయం చూస్తూ ఉండగానే మార్చిలో అక్కగారు పోయారు.

టీచరమ్మ అంత్యక్రియలకి వెళ్ళి వచ్చింది. వాళ్ళలో అంత్యక్రియల రోజు చిన్న పుస్తకం అచ్చువేసి పంచుతారు, పోయినవాళ్ళ ఫొటో, జీవితం, పాడే పాటలు వేసి. నాకోసం ఒకటి తెచ్చింది. మొదటి పేజీలో ఆవిడ చిన్నప్పటి ఫొటో, పెద్దయ్యాక నీలిరంగు టోపీ పెట్టుకుని తీయించుకున్న ఫొటో, కింద రెండు వాక్యాలు. వీరి పూర్వీకుడు భారతదేశపు సముద్రతీరం నుంచి వచ్చాడు. వీరు తమ పిల్లల్ని, మనవల్ని, మునిమనవల్ని 'లేలేమ్మా' అని లేపేవారు.

నేను ఆ పుస్తకాన్ని గరాజులో దారపు ఉండల సొరుగులో, అన్నిటికన్నా అడుక్కి తోసి మూశాను. రోజూ ఆ సొరుగు తెరవాలి. పది రోజులు ఉన్న రంగు దారాలతోనే సరిపెట్టాను. ఒకావిడ ఆకుపచ్చ జాకెట్టుకి నీలం దారం వేశావేమిటని దెబ్బలాడింది. ఫ్యాషనండీ అన్నాను.

ఏప్రిల్ చివర్లో టీచరమ్మే నా గరాజుకి వచ్చింది, తెల్లకాగితం ఒకటి, నల్లసిరా పెన్ను ఒకటి పట్టుకుని.

"మా అక్క సమాధి రాయి చెక్కిస్తున్నాడు మా మేనల్లుడు. దానిమీద ఆ మాట ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కాదు, మీ అక్షరాల్లో. ఆయన ఏ అక్షరాలైతే చూసి ఉంటాడో ఆ అక్షరాల్లో. నువ్వు రాయి హనీ. నీ చేత్తో రాసింది ఉన్నదున్నట్టు చెక్కుతారు."

ఆయనంటే తాతకి తాత.

నేను కాగితం తీసుకున్నాను. అక్కడైనా చెప్పాను కాను. చెప్పకపోగా ఇంకో పాపం చేశాను. బాగా రాయాలనుకున్నాను. నా చేతిరాత చూసి మా మాస్టారు, కోళ్ళు తిరిగిన పేడకుప్పలా ఉందనేవారు. అలాంటి చేతిరాత గ్రానైటు మీదికి ఎక్కుతుందంటే ఎవరికి ఆశ ఉండదు? జాకెట్టు గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో ముందు నల్లగుడ్డ మీద రాసి చూసుకున్నాను. 'లే'కి ఏత్వం సరిగ్గా కుదరలేదని చెరిపి మళ్ళీ రాశాను. 'మ్మా' దగ్గర కింది వత్తు గుండ్రంగా రావాలని ఒంపు కొలిచి రాశాను. ఆరు కాగితాలు పాడుచేసి ఏడోది ఆవిడకి ఇచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, నా నుదుటిమీద ముద్దుపెట్టి వెళ్ళింది.

పాడైన కాగితాలు, అప్పుడు ఇంటికి వచ్చి ఉన్న మా అమ్మాయికి చెత్తబుట్టలో కనబడ్డాయి.

"ఇది దేనికి?"

చెప్పాను.

అది కాగితం సాపుచేస్తూ అంది: "స్టోన్ మీదా అమ్మా? అక్కడికి ఎవరైనా తెలుగువాళ్ళు వెళ్తే ఏమనుకుంటారు? ఒక బ్లాక్ ఆంటీ గ్రేవ్ మీద 'గెట్ అప్' అని ఉందని నవ్వుతారు."

అది నాకు తట్టలేదు. చచ్చిపోయిన మనిషి తలాపున నిలబడి లేలేమ్మా అనడం! అందరి మాటలమీదా జోకులు వేసే నాకు నా మాటలో ఉన్న ఆ వెటకారం కనబడలేదు. నేను ఏత్వం ఒంపు చూసుకుంటున్నాను.

మర్నాడు నెలలో మొదటి బుధవారం. పన్నెండింటికి ఊళ్ళో తుఫాను సైరన్లు మోగించి చూసుకునే రోజు. నేను టీచరమ్మ తలుపు తట్టేసరికి అవి మొదలయ్యాయి. ఆవిడ తలుపు తీసింది, నేను చెప్పడం మొదలుపెట్టాను, ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమిటి? వినబడలేదు" అంది. మళ్ళీ చెప్పాను. వినబడలేదు. అది ఆగేదాకా గుమ్మంలో ఎదురెదురుగా నిలబడ్డాం. ఒక తప్పుని మూడుసార్లు ఒప్పుకోవాల్సి రావడం నాలాంటివాళ్ళకే జరుగుతుంది.

సైరన్ ఆగింది.

"ఆ మాట తెలుగు కాదు టీచరమ్మా. నేను మార్చాను. ఆ పేరూ మాది కాదు. నేను ఆటకి అన్నాను."

ఆవిడ నన్ను లోపలికి రమ్మంది. బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పిల్లల్ని అడిగినట్టే అడిగింది, గొంతు పెంచకుండా.

"ఎప్పుడు తెలిసింది నీకు, అది నిజం కాదని?"

"అంటున్నప్పుడే."

"మా అక్కతో అన్నప్పుడు?"

"తెలుసు."

"నిన్న కాగితం మీద రాసినప్పుడు?"

"తెలుసు టీచరమ్మా."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు నా మాట రాసుకున్నారు. నాకు..." అని ఆగిపోయాను. దానికి ఇంగ్లీషు నాకు రాదు. తెలుగూ రాలేదు.

ఆవిడ పళ్ళబుట్ట ఎత్తి కింద ఉన్న ఉత్తరం తీసింది. అరటిపండు మరక పడింది. గోటితో గీకింది. పోలేదు.

"యుద్ధం అయ్యాక మావాళ్ళు పేర్లు ఎలా పెట్టుకున్నారో తెలుసా? అమ్మని ఒకరికి అమ్మేశారు, కొడుకుని ఇంకొకరికి అమ్మేశారు. వదిలిపెట్టాక కొడుకు ఏ పేరు పెట్టుకోవాలి? అమ్మ వెతుక్కుంటూ వస్తే ఏ పేరు అడుగుతుందో ఆ పేరు. అమ్మ ఉండిపోయిన చోటు పేరు, లేదా నాన్నని ఆఖరిసారి చూసిన చోటు పేరు. అందరూ అలా పెట్టుకోలేదు. మా తాతకి తాత అలా పెట్టుకున్నాడేమోనని నాకు ముప్ఫై ఏళ్ళ అనుమానం. నేను వెతికింది అదే. తనని ఎవరో కనుక్కోవాలని పెట్టుకున్న పేరు." ఉత్తరం మడిచింది. "నీ ఓడ వచ్చాక నేను వెతకడం మానేశాను. అది నీ తప్పు కాదు. నాదే. ఓడ అయితే బాగుంటుందనుకున్నాను. ఓడెక్కి తన ఇష్టంతో వచ్చాడనుకుంటే..."

ఆవిడ వాక్యం పూర్తిచేయలేదు. వ్యాకరణం తప్పితే చంపేసే మనిషి.

నాకు ఏడుపొచ్చింది. నాకు కళ్ళు తుడుచుకోవడానికి ఆవిడ కాగితం ఇవ్వలేదు. నేనే పమిట అడ్డం పెట్టుకున్నాను. ఆ పూట నేను ఏడవడం కూడా ఆవిడ వంతు లాక్కోవడంలాగే ఉంది.

తరవాత ఆవిడ మేనల్లుడికి ఫోను కలిపి, ఫోను నాకిచ్చింది. "నువ్వే చెప్పు."

ఆయనకి అరవై ఉంటాయి. చెప్పాను. మొదట పకపకా నవ్వాడు. ఆదివారాల్లో వాళ్ళమ్మని నవ్వించేది నేనే కనక ఇదీ అలాంటిదే అనుకున్నాడు. "జోకు కాదండీ" అన్నాను. ఇంకా నవ్వుతున్నాడు. "ఇదొక్కటి జోకు కాదండీ" అన్నాను. ఆగిపోయాడు.

"ఇంకా చెక్కలేదు" అన్నాడు. "రేపు మొదలుపెడతామన్నారు. ఆపమంటాను. అయితే మరి ఏం చెక్కాలి? ఉన్న మాటే చెక్కుదాం. ముత్తమ్మమ్మ అసలు ఎలా అనేది పిన్నీ?"

ఫోను స్పీకర్లో ఉంది. టీచరమ్మ నోరు తెరిచింది. "లే..." అంది. "లేలే..." ఆగింది. తల అడ్డంగా ఊపింది. కళ్ళు మూసుకుని మోకాలు దులుపుతున్నట్టు చెయ్యి ఆడించింది, చెయ్యి వెంట మాట వస్తుందేమోనని. "లేలేమ్..." అని మళ్ళీ ఆగింది. ఏడాదిన్నరగా ఆవిడ నాలుక నా దారిలో పడిపోయింది.

"నీకు గుర్తుందా?" అని ఆయన్ని అడిగింది.

"అమ్మ చివర్లో అలాగే అనేది పిన్నీ, ఈవిడ నేర్పినట్టే. ముందు ఎలా అనేదో... నాకు ఈ కొత్తదే చెవిలో ఉంది."

నోటుబుక్కు తెరిచింది. పేజీలు వెనక్కి తిప్పింది. అందులో ఇంకుతో ఉన్నది నా స్పెల్లింగే. పాతది ఎక్కడా లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన మాటని ఎవరు రాసుకుంటారు?

"లేమలే" అన్నాను నేను. "లేమలే టీచరమ్మా. నాకు బాగా గుర్తు. దాన్ని మార్చినదాన్ని కదా, గుర్తుండదా."

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండును.

"కావచ్చు" అంది. "కానీ నువ్వు చెబితే నేను ఎలా రాసుకోను?"

ఆ తరవాత నాకు రెండు పనులు చెప్పింది. ఒకటి, వచ్చే సోమవారం ఆవిడని కారులో మిసిసిపీ కోర్టుకి తీసుకెళ్ళడం. అంత దూరం ఆవిడ నడపలేదు. రెండోది, ఇప్పుడు తను బంధువులకి వరసగా ఫోన్లు చేస్తుంది కనక, పక్కనే కూర్చుని నోరు తెరవకపోవడం. నేను లేమలే అన్నానంటే అవతలివాళ్ళకి కూడా అదే చెవిలో పడిపోతుందట, ఇక ఎవరి మాట ఎవరిదో తెలియదట.

పెన్సిలు తీసుకుంది. మొదట ఒక పెద్దాయనకి చేసింది. ఆయనకి వాళ్ళ అమ్మమ్మ రొట్టెలు గుర్తున్నాయి, మాట గుర్తులేదు. రెండో ఆవిడకి చెవులు వినబడవు, మనవరాలు అరిచి అడిగింది, ఆవిడ ఇంకేదో చెప్పింది. మూడో ఆయన షికాగోలో ఉంటాడు, అంత్యక్రియలకి రాలేకపోయాడు, అందువల్ల అచ్చు పుస్తకం చూడలేదు. చూడలేదనగానే టీచరమ్మ నిటారుగా కూర్చుంది.

"చిన్నప్పుడు మనం పడిపోతే అమ్మమ్మ ఏమనేది? నేను చెప్పను. నువ్వే చెప్పు" అంది.

"ఉండు" అన్నాడాయన. "ఉండు, ఉండు. వస్తోంది."

ఆవిడ పెన్సిలు మొన కాగితం మీద ఆనించి ఉంచింది. నేను రెండు పెదాలూ పళ్ళకింద నొక్కిపట్టి, ఆయన నోటివెంట ఏం వస్తుందోనని ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను.